టేకుకు చెద పట్టదు

ఖబరస్తాన్ గేటు ముందర డోలా విరిగిన దగ్గర కిందటి వారం ఆగిపోయాం. ఇబ్రహీంపట్నంలో ఆ మసీదు కింద ఎవరు కన్నుమూసినా ఆఖరి ప్రయాణం ఆ డోలా మీదనే. పోయినవాళ్లను పడుకోబెట్టి భుజాల మీద మోసుకుపోయే ఆ టేకు మంచాన్ని నజీరుద్దీన్ తండ్రి తన చేతులతో చేసి మసీదుకు ఇచ్చాడు. ఆ రోజు దాని మీద ఉన్నది మసీదు కమిటీకి పెద్ద, అంటే సదర్, అర్ఫాత్ తల్లి ఉమ్మే కుల్సుమ్. గేటు దాటుతుండగా తల వైపు మోత కర్ర పుటుక్కున విరిగింది. పక్కన నడుస్తున్న నజీరుద్దీన్ దోస్తు భిక్షం తన భుజం అడ్డం పెట్టకపోతే ఆ తల్లి వానకు నానిన బురదలో పడేది. పడలేదు గానీ భిక్షం భుజం ఎముక విరిగింది. విరిగిన కర్రలోంచి పొడి మట్టి రాలింది. ఆ మట్టిలో తెల్లటి చెదపురుగులు కదిలాయి. అందరూ ముందు వాటిని చూశారు, తరువాత నజీరుద్దీన్‌ను చూశారు.

ఆయన్నే ఎందుకు చూశారంటే, ఆ ఊళ్లో టేకు గురించి ఎవరికి ఏం తెలిసినా అది నజీరుద్దీన్ చెప్పగా తెలిసిందే. ఆయన పనితనం ఒక ఎత్తు, నోరు మరొక ఎత్తు. దర్వాజ చేయించుకుందామని వచ్చినవాడికి చాయ్ తాగించి, కూర్చోబెట్టి, టేకు గుణగణాలు వర్ణించేవాడు. టేకుకు చెద పట్టదు. టేకు పగలదు. అసలైన టేకు అయితే ఎత్తినవాడి రెక్కలు పీకాలి. బంగారం రంగు రావాలి. ఒక్కసారి పాలిష్ కొట్టించి ఇంట్లో పెట్టుకుంటే మనవడి పెళ్లిదాకా దాని మొహం చూడనక్కర్లేదు.

ఇందులో సగం నిజం, సగం బేరం. ఆ సంగతి ఆయన చేతులకు బాగా తెలుసు. మొద్దును కోసినప్పుడు చుట్టూరా కనిపించే తెల్ల కర్ర చెదకు మంచి తిండి. నడుమ ఉన్న చేవ మాత్రమే కలకాలం నిలుస్తుంది. వయసు రాని చెట్టులో ఆ చేవ పిడికెడు కూడా ఉండదు. కర్ర పని చేసే ఎవరికైనా ఇది తెలిసిన ముచ్చటే. అయితే కొనేవాడికి ఇన్ని మెలికలు గిట్టవు కాబట్టి నజీరుద్దీన్ మెలికలు తీసేసి చెప్పేవాడు. ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా చివరికి ఆయనే నమ్మడం మొదలుపెట్టాడు.

అంత్యక్రియల మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక మసీదు ముందు జనం కదల్లేదు. వాన వెలిసినట్టే వెలిసి మళ్లీ సన్నగా పట్టుకుంది. విరిగిన డోలాను వరండాలో పెట్టారు. ఒకాయన కర్ర ముక్కను చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలిక కర్ర టేకు ఎట్లవుతుందని అడిగాడు. ఇంకొకాయన విరిగినచోట గోటితో గీరి, పాలలాగా తెల్లగా ఉంది, దీన్ని టేకని ఎవడంటాడని పక్కవాళ్లకు చూపించాడు. టేకు ఎన్నడూ పగలదు గదా, ఇది ముక్కలు ముక్కలైందేమిటని మూడో ఆయన ఆశ్చర్యపోయాడు. వాళ్ల నోళ్లలోంచి వస్తున్నవన్నీ నజీరుద్దీన్ మాటలే. ఒక్కొక్కటీ వచ్చి ఆయన మీద సాక్ష్యం చెప్పిపోతోంది. ఆయన గోడకు ఆనుకొని నిలబడి తన మాటలు తనే విన్నాడు.

అర్ఫాత్ ఆఖర్న లేచాడు. మనిషి రాత్రంతా ఏడ్చి ఉంటాడు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. భూముల బేరాల్లో ఎంత గట్టిగా మాట్లాడతాడో ఆ రోజు అంత నెమ్మదిగా మాట్లాడాడు. అదే నజీరుద్దీన్‌ను ఎక్కువ భయపెట్టింది.

"చాచా, నువ్వు చెప్పిన మాటనే నీకు చెప్తున్న," అన్నాడు. "టేకుకు చెద పట్టదంటివి. పట్టింది. అంటే ఇది టేకు గాదు. మీ అబ్బ మసీదుకు మంచి పేరు చెప్పి చెడ్డ కర్ర ఇచ్చిండు. లేకుంటే నడుమ నువ్వన్న మార్చినవ్. రెండిట్ల ఏదో చెప్పు."

అప్పుడైనా నోరు విప్పి తెల్ల కర్ర, చేవ అంటూ అసలు సంగతి చెప్పి ఉండవచ్చు. కానీ బతుకంతా ఒక మాట చెప్పి, పీకల మీదికి వచ్చాక ఇంకో మాట చెప్తే ఎవరు నమ్ముతారు? పైగా తండ్రి పేరు ఎత్తేసరికి ఆయనకు ఒళ్లు మండింది. డోలా పెట్టే గది గోడ మీద పచ్చ రంగుతో రాసి ఉన్నది ఆ తండ్రి పేరే. ఆ పేరు కింద నిలబడి పెరిగినవాడు నజీరుద్దీన్. పండుగ పూట వచ్చినా ముందు ఆ గోడ చూసుకొని తరువాతే నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కొని వజూ చేసుకునేవాడు.

"మా అబ్బ చెయ్యి పడ్డ కర్ర ఇది," అన్నాడు. "ఇంకొకరి చెయ్యి పడనియ్యలే. నేను మార్చిన అని తేలితే ఇగ జిందగీల రందా ముట్ట. మసీదుల నిలబడి చెప్తున్న."

కర్రను చిత్రిక పట్టే రందా ముట్టనంటే వడ్రంగి పనే వదిలేసినట్టు. అర్ఫాత్ తల ఊపాడు. శుక్రవారం జుమ్మా దాకా ఆగుతానన్నాడు. జుమ్మా నమాజు తరువాత అందరి ముందూ ఆ కర్ర సంగతి తేల్చాలనీ, తేల్చకపోతే గోడ మీద పేరుకు సున్నం కొట్టిస్తాననీ అన్నాడు. జనం సరేనన్నట్టు చెదిరిపోయారు. డోలాను ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి మాత్రం ఒక్కరూ చెయ్యి వేయలేదు. నజీరుద్దీన్, ఆటో డ్రైవరూ కలిసి ఎక్కించుకున్నారు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో డోలాను దించేసరికి ఆయన భార్య మెహబూబ్ బీ భిక్షం ఇంటినుంచి వచ్చింది. భిక్షానికి కట్టు కట్టి పంపారట. అతని భార్య సత్తమ్మ కుర్చీ వేసింది గానీ ఒక్క మాట మాట్లాడలేదట. తిట్టినా బాగుండేదని మెహబూబ్ బీ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. మొగుడు డోలా చుట్టూ తిరుగుతుంటే ఆమె గడప మీద కూర్చొని చూస్తూ ఉండిపోయింది.

నజీరుద్దీన్ డోలాను బోర్లా తిప్పాడు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆయన దాన్ని బోర్లా తిప్పి చూడటం ఎన్నో ఏళ్ల తరువాత అదే. రంజాన్ వచ్చిందంటే పైపైన గుడ్డతో తుడిచి, తండ్రిని తలచుకొని, మురిసిపోయి వచ్చేవాడు. అది పెట్టిన గదిలో కింద మట్టి నేల. వానాకాలం గోడ చెమ్మగిల్లుతుంది. అయినా టేకే గదా అని నిశ్చింతగా ఉన్నాడు. ఇప్పుడు చూస్తే కాళ్ల వెంబడి మట్టి దారులు పెట్టుకొని చెదలు పైకి ఎక్కాయి. కానీ కాళ్లకు గాటు కూడా పడలేదు. అడ్డ పట్టీలు ఇనుములా ఉన్నాయి. చెదలు వాటిని దాటుకుంటూ పోయి రెండు మోత కర్రలను మాత్రమే తిన్నాయి. లోపల గుల్ల చేసి, పైన పాలిష్ మెరుపును పొరలాగా వదిలేశాయి.

అదెట్లా? ఒకే చేతి పని, ఒకే మొద్దు కర్ర. ఆయన రందా అందుకొని విరగని కర్ర మీద గట్టిగా రెండు పట్లు పట్టాడు. పాలిష్ లేచిపోగానే టేకు వాసన వచ్చింది. ఆ వాసనలో ఆయనకు అనుమానం లేదు, అది టేకే. కానీ నిండా తెల్లగా, అక్కడక్కడ పసుపు చారలతో, వయసు రాని చెట్టు కర్ర. ఆయన తండ్రి అటువంటి కర్రను బాడిసతో చెక్కేసి పొయ్యిలో పెట్టేవాడు, చాయ్ కాచుకోవడానికి. కింద వైపు చూస్తే మిషన్ రంపం గీతలు వరుసగా ఉన్నాయి. అతుకు దగ్గర సందు పూడ్చిన లప్పం గీకితే ఇనుప స్క్రూ తల కనిపించింది. తండ్రి ఆ డోలాలో ఇనుము ముట్టలేదు, అన్నీ వెదురు చీలలే.

ముందు ఆయనకు కలిగింది సంతోషం. తప్పు అబ్బది కాదు! ఆ ఒక్క సంగతీ తెలిసేసరికి ఏడుపు వచ్చినంత పనైంది. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అబ్బ కర్ర కాకపోతే మరి ఎవరిది? ఖబరస్తాన్‌కు మోసుకుపోవడానికి కాక డోలా మసీదు దాటి బయటికి పోయింది ఒక్కసారే. ముందటేడు రంజాన్‌కు పాలిష్ కోసమని తన చేతులతోనే ట్రాలీ ఎక్కించి పంపాడు. బొంగులూరుకు, కొడుకు నవాజ్ దుకాణానికి. తిరిగి వచ్చినప్పుడు అది మిలమిలా మెరుస్తుంటే, నా కొడుకు పనితనం చూడండని మసీదుకు వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపించాడు. కొత్తగా కనిపించింది పాలిషే అనుకున్నాడు. కర్రే కొత్తదని తోచలేదు.

ఆయన చొక్కా వేసుకుంటుంటే మెహబూబ్ బీ ఎక్కడికని అడగలేదు. మొగుడి మొహం చూసి గ్రహించింది.

"పిల్లగాన్ని పది మంది ముంగట అనకు," అంది అంతే.

సాగర్ రోడ్డు మీద షేర్ ఆటోలో బొంగులూరు దాకా ఆయన ఒక్క మాటే అనుకుంటూ పోయాడు. వాడు కాదని చెప్తే బాగుండు. ఇంకెవరో చేశారని అబద్ధమైనా చెప్తే బాగుండు. రోడ్డుకు అటూ ఇటూ కొత్త వెంచర్ల కమాన్లు, సగం లేచిన విల్లాలు వానలో తడుస్తున్నాయి. ఆ ఇళ్లకు తలుపులు, మంచాలు కావాలి కాబట్టే నవాజ్ అక్కడ దుకాణం పెట్టాడు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'అసలు టేకు' అని రాయించాడు.

దుకాణంలో ఆలుమగలు ఎవరో డైనింగ్ టేబుల్ చూస్తున్నారు. నవాజ్ తండ్రి రావడం గమనించలేదు. టేబుల్ మీద అరచేత్తో తట్టి వాళ్లకు నచ్చజెప్తున్నాడు.

"టేకుకు చెద పట్టదు మేడం. ఒక్కసారి పెట్టుకుంటే మళ్ల దాని మొకం చూసే పని లేదు."

నజీరుద్దీన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. మాట తనది, ఆ తట్టడం కూడా తనదే. కోపంతో వచ్చినవాడికి ఆ క్షణాన కోపం సగం చచ్చిపోయింది. వీడికి ఇది నేర్పింది నేనే గదా అనిపించింది. ఆలుమగలు మళ్లీ వస్తామని వెళ్లిపోయేదాకా ఒక స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్లు పోయాక సంచీలోంచి కర్ర ముక్క తీసి, కొడుకు ముందున్న ఆ మెరిసే టేబుల్ మీద పెట్టాడు.

నవాజ్ దాన్ని చూసి ఏదో ఒకటి చెప్పబోయాడు. తండ్రి మొహం చూశాక ఆ ప్రయత్నం మానుకున్నాడు.

"పాత కర్ర నల్లగైంది అబ్బా," అన్నాడు. "పాలిష్ గీకితే బూడిద లెక్క ఉండె. పొడుగునా పగుళ్లు. పుచ్చిపోయింది అనుకున్న."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తే ఊకుంటవా నువ్వు? దాదా చేసిన కర్ర అని దాన్నే మోయిస్తవు. ఎవ్వరినో మోస్తుంటే విరుగుతదని భయమైంది నాకు. విరగొద్దనే మార్చిన అబ్బా. కొత్తది మంచిగ మెరిసింది. గదీ టేకే గదా."

విరగకూడదని మార్చాడు! నజీరుద్దీన్ తల పట్టుకున్నాడు. ఎండకూ వానకూ టేకు బూడిద రంగుకు తిరిగితే అది పైపై రంగు మాత్రమేననీ, సన్నటి పగుళ్లకు చేవ లొంగదనీ ఈ పిల్లవాడికి ఎవరు చెప్పారు? చెప్పవలసినవాడు బంగారం రంగు, బంగారం రంగు అంటూ ఊరంతా చాటాడు. మంచి కర్రను పుచ్చుదనుకొని తీసేసి, చెదల తిండిని మంచిదనుకొని పెట్టాడు కొడుకు. దుర్బుద్ధితో చేసి ఉంటే నాలుగు తగిలించి మనసు తేలిక చేసుకునేవాడు. భయంతో చేసినవాణ్ణి ఏమనాలో ఆ తండ్రికి తెలియలేదు.

"పాతవి రెండూ ఏంజేసినవ్? కాలబెట్టినవా?"

నవాజ్ లేదన్నట్టు తల ఊపాడు. పారేసే ముందు ఎందుకో ఒకసారి మిషన్ మీద పెట్టాడట. పై పొర లేవగానే లోపల కర్ర నిగనిగలాడుతూ బయటపడింది. అప్పుడు అర్థమైంది తను చేసిన తప్పు. కానీ అప్పటికే కొత్త కర్రలు బిగించి, డోలా మసీదుకు చేరి, తండ్రి నలుగురికీ చూపించి మురిసిపోయాడు. ఆ మురిపెం చూశాక చెప్పడానికి నోరు రాలేదు. దుకాణం మూలన వాటిని గోనెపట్టా కప్పి దాచాడు. ఆ నెలలోనే పెద్ద బేరం ఒకటి వచ్చింది. మంచం కావాలి, పాత టేకుతోనే కావాలి, మోకాళ్ల నొప్పుల మనిషి కాబట్టి ఎత్తు తక్కువ ఉండాలి అన్నారు. బజారులో అంత మంచి కర్ర దొరకలేదు. గోనెపట్టా కింద ఉన్నవే ఆ మంచానికి రెండు పక్కల పట్టెలయ్యాయి.

"ఎవరి మంచానికి?"

నవాజ్ కళ్లు దించుకున్నాడు. "అర్ఫాత్ భాయ్ వాళ్ల అమ్మకు."

నజీరుద్దీన్‌కు అప్పుడు సంగతి మొత్తం అర్థమైంది. శవాలను మోసిన కర్రల మీద ఉమ్మే కుల్సుమ్ ఇన్నాళ్లూ పడుకుంది. ఇల్లిల్లూ తిరిగి కాన్పులు చేసిన చెయ్యి ఆమెది. నవాజ్ పుట్టినప్పుడు బొడ్డు కోసింది కూడా ఆమే. వాళ్ల ఇంటి మంచం మీద, ఆ పట్టెలు మసీదువని ఎవరికీ తెలియకుండానే, ఆమె కన్నుమూసింది. ఆమెను మోయవలసిన కర్రలు ఇంట్లో ఉండిపోయాయి, మోయలేని కర్రలు ఆమెను ఖబరస్తాన్ గేటు దాకా తెచ్చాయి. ఇది ఎవరికి చెప్పాలి, ఎట్లా చెప్పాలి?

మోత కర్రలకు అడ్డ పట్టీలు దూర్చిన పాత బెజ్జాలు ఉంటాయి గదా, వాటినేం చేశావని అడిగాడు. లప్పంతో నింపి, లోపలి వైపుకు తిప్పి బిగించానన్నాడు నవాజ్. మంచం విప్పితే తప్ప కనిపించవట.

అప్పుడే నవాజ్ ఫోన్ మోగింది. తెర మీద అర్ఫాత్ పేరు ఉంది. ఎత్తకపోతే బాగుండదని ఎత్తి, తండ్రికి వినిపించేలా టేబుల్ మీద పెట్టాడు.

అర్ఫాత్ గొంతు మధ్యాహ్నం కంటే బొంగురుగా ఉంది. రాత్రి నిద్ర పట్టక తల్లి మంచం మీదే పడుకున్నానని చెప్పాడు. ఇంట్లో కిటికీలకు చెద పట్టినా ఆ మంచానికి ఒక్క పురుగు పట్టలేదనీ, నవాజ్ పని నిజాయితీ పని అనీ అన్నాడు. తండ్రి చేసిన దానికి కొడుకును అనేది లేదన్నాడు. ఊరికి డోలా లేకుండా ఎన్నాళ్లు? అందుకని అమ్మ మంచాన్ని మసీదుకు ఇచ్చేస్తున్నాననీ, జుమ్మా నాడు అందరి ముందూ దాన్ని విప్పి ఆ కర్రతోనే డోలా బాగు చేయాలనీ చెప్పాడు. అసలు టేకు ఎట్లుంటుందో జనం కళ్లారా చూడాలన్నాడు.

నవాజ్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి తండ్రి వైపు వంగాడు. మంచం ముందే దుకాణానికి తెప్పిస్తాననీ, ఇక్కడే విప్పితే పాత బెజ్జాలు ఎవరి కంటా పడవనీ గుసగుసగా అన్నాడు. నజీరుద్దీన్ కొడుకు మొహంలోకి చూశాడు. ఊరి ముందు ఈ తప్పు బయటపడితే ఈ బోర్డు, ఈ దుకాణం, వీడి బతుకు అన్నీ ఒక్క పూటలో పోతాయి. బయటపడకపోతే గోడ మీద తండ్రి పేరు పోతుంది. ఈ రెండింటి నడుమ పోగొట్టుకోవడానికి తన దగ్గర ఉన్నది రందా పట్టే తన చేతులు మాత్రమే. ఆయన కొడుకు చెయ్యి పక్కకు తోసి ఫోన్ మీదికి వంగాడు.

"అర్ఫాత్, నేను నజీర్‌ను. ఆ కర్ర మా అబ్బది గాదు. మార్చింది నేనే."

నవాజ్ కాదన్నట్టు తండ్రి చెయ్యి పట్టుకొని లాగాడు.

"ఇప్పటికన్న చెప్పినవ్," అన్నాడు అర్ఫాత్. "మీ అబ్బ పేరు గోడ మీదనే ఉంటది, ఫికర్ చెయ్యకు. కానీ నువ్వు మసీదుల నిలబడి మాటిచ్చినవ్. ఇగ నువ్వు రందా ముట్టేది లేదు. ఉలి పట్టేది లేదు."

"లేదు," అన్నాడు నజీరుద్దీన్.

"అయితే జుమ్మా నాడు అమ్మ మంచం నవాజ్ విప్పుతడు. దుకాణంల గాదు. మసీదు ముంగట, అందరు చూస్తుంటే. జర మెల్లగ విప్పుమను చాచా, మా అమ్మ పండిన మంచం."